కథలోని మనిషికి తీర్పు

(గని ప్రమాదాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న కార్మికుల స్మృతిలో గోదావరిఖనిలో చేసిన ఉపన్యాస పాఠం)



స్మారక ఉపన్యాసం సాధారణంగా ఒక పేరు మీద జరుగుతుంది. ఇక్కడ ఒక్క పేరు చెప్పి ఊరుకోవడానికి లేదు. 2003 జూన్ 16న ఈ పక్కనే సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబరు 16న, ఎయిట్ ఏ గనిలో బండ కూలి 10 మంది పోయారు. పత్రికల్లో పేరు రాకుండా ఒక్కొక్కరుగా పోయినవాళ్లు అంతకు ముందూ ఉన్నారు, ఆ తర్వాతా ఉన్నారు. వాళ్లందరినీ తలుచుకుని మొదలుపెడుతున్నాను.

ఇలాంటి సభలో కథల గురించి మాట్లాడటం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. గని ప్రమాదం ఎక్కడ జరిగినా శవం పైకి రాకముందే ఒక ప్రశ్న పైకి వస్తుంది: తప్పెవరిది? పైకప్పుకు సపోర్టు పెట్టకుండా ముందుకు పోయాడా? పని చూసే సర్దారు వద్దన్నా వినలేదా? నైటు షిఫ్టులో కునుకు తీశాడా? అడగాల్సిన ప్రశ్నలే. కానీ జవాబు చెప్పాల్సినవాడు లేడు. ఉన్నవాళ్లు తలా ఒక మాట చెప్తారు, తమ మెడకు చుట్టుకోకుండా చూసుకుని చెప్తారు. అందరికన్నా పోయినవాడి మీద తప్పు నిలబెట్టడం తేలిక. కథలోని మనిషి పరిస్థితి కూడా ఇదే. మనం ఏమన్నా అతను తిరిగి మాట్లాడడు. అచ్చులో ఉన్న నాలుగు పేజీలే అతని వాంగ్మూలం. చనిపోయినవాళ్ల విషయంలో న్యాయంగా ఉండటం నేర్చుకోవాలంటే కథలకన్నా మంచి బడి నాకు కనిపించలేదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

నేను చెప్పదలచుకున్నది చిన్న మాట. కథలోని మనిషి మంచిచెడ్డల మీద, అతను ఎంచుకున్న దారి మీద తీర్పు చెప్పడం పాఠకుడి పని. “తీర్పు చెప్పడానికి మనమెవరం?” అని తప్పుకోవడం పెద్దమనసులాగా కనిపిస్తుంది గానీ, నా లెక్కలో అది హాజరు మస్టరు పడి పనిలోకి దిగకపోవడం లాంటిదే. అయితే తీర్పుకు ముందు వినాల్సిందంతా వినాలి. వినడం అక్కర్లేదనుకునేవాళ్లతోనూ, విన్నాక తీర్పు అక్కర్లేదనుకునేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది.

తెలుగు కథ మొదట్లో ఈ బాధ్యత పాఠకుడికి వదల్లేదు. భండారు అచ్చమాంబ 1902లో రాసిన ‘ధనత్రయోదశి’లో పేదరికానికి తాళలేక భర్త యజమాని సొమ్ము ఇంటికి తెస్తాడు. భార్య ఆ సొమ్ము ముట్టదు, నచ్చజెప్పి తిప్పి పంపుతుంది. ఆమె నిజాయితీకి మెప్పు దక్కుతుంది. 1910లో గురజాడ ‘దిద్దుబాటు’ వచ్చింది. వేశ్య పాటకు రాత్రిళ్లు పోయే గోపాలరావును కమలిని ఒక ఉత్తరంతో కంగారు పెట్టి దారిలోకి తెస్తుంది. రెండు కథల్లోనూ తప్పేదో ఒప్పేదో చివరికి తేలిపోతుంది. శిక్షో మెప్పో కథే పంచిపెడుతుంది, పాఠకుడు తల ఊపి పుస్తకం మూస్తాడు. ఆ రోజుల సంస్కరణకు అలాంటి కథ కావాలి, అది తన పని చేసింది. రెండు కథల్లోనూ భర్తను దిద్దే తెలివి, ధైర్యం భార్యవే కావడం గమనించదగ్గ సంగతి.

ఆ తర్వాత కథ తీర్పు చెప్పడం మాని దాన్ని పాఠకుడికి వదిలింది. రష్యాలో చెహోవ్ 1888లోనే తన ప్రచురణకర్త సువోరిన్‌కు రాసిన ఉత్తరాల్లో ఈ సంగతి చెప్పాడు: రచయిత ప్రశ్నను సరిగ్గా పెడితే చాలు, తీర్పు జ్యూరీలో కూర్చున్న పాఠకులది అని ఆయన అభిప్రాయం. వృత్తిరీత్యా డాక్టరు కాబట్టి రోగిని తిట్టడం వైద్యం కాదని ఆయనకు తెలుసు. తెలుగులో ఆ పద్ధతిని చాసో అంత పొదుపుగా వాడినవాళ్లు తక్కువ.

చాసో ‘వాయులీనం’ చూడండి. రాజ్యం పెళ్లికి ముందు ఫిడేలు నేర్చుకుంది. పెళ్లయ్యాక సంసారంలో పడి అది మూలన పడింది. ఆమెకు పెద్ద జబ్బు చేస్తే, వైద్యానికి డబ్బు లేక భర్త వెంకటప్పయ్య ఆ ఫిడేలు అమ్మేస్తాడు. ఆమె కోలుకుంటుంది. మిగిలిన డబ్బుతో ఆమెకు చీర తెస్తాడు. కథ అంతే. ఈ కథ మీద చర్చ పెడితే సభ రెండుగా చీలుతుంది. “ప్రాణం కన్నా ఫిడేలు ఎక్కువా?” అని ఒక పక్క. “ఆమె ప్రాణమే ఫిడేలు గదా” అని ఇంకో పక్క. రెండు మాటలూ కథను అందుకోవు. అమ్మడం తప్పు కాదు, అతనికి ఇంకో దారి కనిపించలేదు. అతను దుర్మార్గుడు కాడు, పెళ్లాం బతకాలని తాపత్రయపడ్డవాడు. నా తీర్పు ఆ చీర మీద. పోయినదేమిటో తెలిసిన మనిషి దాని మిగులుతో చీర కొని సంబరపడలేడు. అతని లోపం క్రూరత్వం కాదు, ఇన్నేళ్లు కాపురం చేసి కూడా ఆమె దగ్గర ఏముందో తెలుసుకోకపోవడం. ఇది చిన్న నేరంలాగే ఉంటుంది. మన ఇళ్లల్లో జరిగే నేరాల్లో ఎక్కువభాగం ఈ కొలతవే.

బొగ్గు ఊళ్లో ఉన్నాం కాబట్టి బొగ్గు ఊరి కథ ఒకటి చెప్పాలి. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ప్రాంతపు గని కార్మికుడి కొడుకు డి.హెచ్. లారెన్స్. 1911లో ఆయన కథ ‘ఓడర్ ఆఫ్ క్రిసాంతమమ్స్’ అచ్చయింది. చామంతుల వాసన చుట్టూ అల్లిన కథ. షిఫ్టు అయిపోయినా భర్త ఇంటికి రాడు. ఎలిజబెత్ ఇద్దరు పిల్లలకు అన్నం పెట్టి, కడుపులో ఇంకొక బిడ్డతో, పొయ్యి ముందు కూర్చుని అతన్ని తిట్టుకుంటూ ఉంటుంది. కల్లుపాకకు పోయుంటాడు, మోసుకొచ్చి పడేస్తారు అనుకుంటుంది. మోసుకొచ్చే పడేస్తారు గానీ తాగి కాదు. వెనక బండ కూలి దారి మూసుకుపోయి, గాలి ఆడక చచ్చిపోయాడు. ఒంటి మీద గాయం లేదు. అత్తా కోడలూ కలిసి ఆ ఒంటికున్న బొగ్గు కడుగుతారు. కడుగుతూ కడుగుతూ ఈ మనిషిని తను ఏనాడూ చూడనేలేదని ఆమెకు తెలిసొస్తుంది.

ఇక్కడ తొందరపడితే కథను పోగొట్టుకుంటాం. “పాపం, మంచివాణ్ణి అనుమానించింది” అనడం తప్పు. అతను తాగేవాడన్నది అబద్ధం కాదు, ఆ ఇంట్లో డబ్బు చాలకపోవడం అబద్ధం కాదు, ఆమె కోపం న్యాయమైనది. అయితే తాగుబోతు అన్న ఒక్క మాట కింద మిగతా మనిషంతా పూడిపోయాడు. ఆ పూడిక తీయాలని ఆమె అనుకునేసరికి అతను లేడు. చావు మనిషిని మంచివాణ్ణి చేయదు, లారెన్స్ చేయలేదు కూడా. జవాబు చెప్పుకునే అవకాశాన్ని మాత్రం చావు తీసుకుపోతుంది. ఇంగ్లండులో నూరేళ్ల కిందట రాసిన ఈ కథ ఇక్కడి తిలక్‌నగర్ క్వార్టర్లలో చదివి వినిపిస్తే అర్థం చెప్పాల్సిన పని ఉండదు.

మరి వినడం అంటే ఏమిటి? బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లకు బాగా తెలిసిన పద్ధతి ఒకటి ఉంది. సర్దారు పని స్థలానికి రాగానే బండ వైపు చూసి బాగుందని చెప్పడు. ఒక చెయ్యి పైకప్పుకు ఆనించి, రెండో చేతిలోని కర్రతో తట్టి వింటాడు. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన బండ డొల్లగా మోగుతుంది, ఆనించిన అరచేతికి అదురు తెలుస్తుంది. కంటికి రెండు బండలూ ఒకలాగే ఉంటాయి. కథలోని మనిషిని చూసే పద్ధతి కూడా ఇదే కావాలి. నేను మూడు చోట్ల తట్టి చూస్తాను. నిర్ణయం తీసుకున్న ఆ గడియలో అతనికి ఏం తెలుసు, ఏం తెలియదు? అతని ముందు నిజంగా ఎన్ని దారులున్నాయి, మూసుకుపోయిన వాటిని మూసిందెవరు? ఆ నిర్ణయం ఖరీదు ఎవరు కట్టారు?

మొదటి రెండు ప్రశ్నలూ మనిషి పక్షాన నిలబడతాయి. సానుభూతి ఉన్న పాఠకులు అక్కడితో ఆగిపోతారు. “పరిస్థితులు అలాంటివి” అని కేసు కొట్టేస్తారు. మూడో ప్రశ్న అలా కొట్టేయనివ్వదు. ఎందుకంటే చాలాసార్లు దారి ఎంచుకున్నది ఒకరు, ఖరీదు కట్టింది మరొకరు.

కాళీపట్నం రామారావు మాస్టారి ‘యజ్ఞం’ దీనికి పెద్ద పరీక్ష. 1960ల మధ్యలో వచ్చిన ఆ కథ మీద దశాబ్దాల తరబడి వాదాలు నడిచాయి. సుందరపాలెంలో పంచాయితీ. అప్పల్రాముడు గోపన్నకు బాకీ. బాకీ ఉన్నమాట అప్పల్రాముడు కాదనడు. తీర్పు చెప్పేది శ్రీరాములు నాయుడు. ఆయన చెడ్డవాడు కాడు, ఊరి బాగుకోసం పాటుపడ్డవాడు, ధర్మం తప్పడని పేరున్నవాడు. అందరూ మాట్లాడతారు, అందరి మాటా వింటారు. చివరికి న్యాయంగా తీర్పు వస్తుంది: బాకీ తీర్చాలి. తీర్చాలంటే ఉన్న భూమి పోవాలి, కుటుంబం కూలికీ పాలేరుతనానికీ దిగాలి. అప్పల్రాముడు ఒప్పుకుంటాడు. అతని కొడుకు సీతారాముడు ఇంటికి పోయి, తన పసికొడుకును చంపి తెచ్చి పంచాయితీ ముందు పెడతాడు. వీడు బానిసగా బతకకూడదన్నది అతని కారణం.

కన్నకొడుకును చంపే తండ్రి ఉంటాడా అని కొందరు అడిగారు. చంపితే ఆ దోపిడీ చేసినవాళ్లను చంపాలి గానీ బిడ్డనెందుకని కొందరు అడిగారు. ఆ చావులో వర్గ కసిని చూసినవాళ్లున్నారు, నిరాశను చూసినవాళ్లున్నారు. నా మూడు ప్రశ్నలూ ఇక్కడ వేస్తాను. సీతారాముడికి ఆ గడియలో ఏం తెలుసు? భూమి పోయిన మాల కుటుంబం పిల్లల గతి ఏమిటో తెలుసు, కళ్లారా చూశాడు. దారులు ఎన్ని? ఊరు ‘అభివృద్ధి’ అయ్యేకొద్దీ ఒక్కొక్కటే మూసుకుపోయాయి, ఆ మూతపడటాన్ని మాస్టారు ఓపిగ్గా, లెక్కలతో సహా చూపించారు. ఖరీదు కట్టింది ఎవరు? నోరు రాని పసివాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు.

కాబట్టి సీతారాముణ్ణి నేను నిర్దోషి అనను. అతను హంతకుడే. అతని దుఃఖం ఎంత లోతుదైనా ఆ బిడ్డ బతుకు అతని సొత్తు కాదు. అయితే ఆ బోనులో అతన్నొక్కణ్ణే నిలబెట్టి ఇంటికి పోయే పాఠకుడు కథను సగమే చదివినట్టు. శ్రీరాములు నాయుడు బాకీ ఎంతో తేల్చాడు, బాకీ ఎందుకు పుట్టిందో తేల్చలేదు. అంతా నియమం ప్రకారం జరిగింది, అందరూ పెద్దమనుషులే, ఫలితం మాత్రం శవం. ‘ఎంక్వయిరీ’ అనే మాట ఎరిగిన ఈ సభకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. కార్మికుడి హాజరు మస్టర్లు తక్కువయ్యాయా లేదా అన్నదే చార్జిషీటు అడిగే ప్రశ్న. ఎందుకు తక్కువయ్యాయో చెప్పే చోటు ఆ కాగితంలో ఇరుకు. ఆ ఇరుకులో పట్టని మాటల కోసమే కథ పుట్టింది.

ఇక మన కథలకు వస్తాను. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి.చంద్ లాంటి రచయితలు ఈ నేల బతుకును తెలుగు సాహిత్యంలోకి తెచ్చారు. తట్టా చెమ్మస్ పట్టిన చేతుల్ని, ల్యాంపు రూము ముందు వరసను, కాలనీల్లో నీళ్ల కొట్లాటల్ని వాళ్లు రాయకముందు తెలుగు పాఠకుడికి బొగ్గు అంటే రైలింజనులో మండేది మాత్రమే. ఆ రుణం ఒప్పుకుంటూనే ఒక ఫిర్యాదు. బొగ్గుబాయి కథల్ని చదివే మనం కొందరి విషయంలో తట్టి చూడకుండానే తీర్పు చెప్పేస్తున్నాం. సమ్మె విరిచినవాడు వాళ్లలో ముఖ్యుడు.

1981 గుర్తు చేసుకోండి. ఒక్కరోజు చట్టవిరుద్ధ సమ్మెకు ఎనిమిది రోజుల వేతనం కోసే చట్ట సవరణ మీద సింగరేణి కార్మికులు 56 రోజులు సమ్మె చేశారు. ఒక కథ ఊహిద్దాం. నలభయ్యో రోజు తెల్లవారుజామున ఒకడు ఎవరి కంటా పడకుండా ల్యాంపు రూముకు పోయి టోపీ దీపం తీసుకున్నాడు. ద్రోహి అనడానికి మనకు క్షణం పట్టదు. కొంచెం తట్టి చూద్దాం. అతని పక్క క్వార్టరు కార్మికుడిది మంథని దగ్గర పల్లె. సమ్మె మొదలైన వారానికే ఊరికి పోయి రెండు బస్తాల వడ్లు తెచ్చుకున్నాడు, మళ్లీ కావాలంటే అన్న పంపుతాడు. మనవాడు ఎక్కడో దూరం నుంచి వలస వచ్చినవాడు, ఊళ్లో ఇల్లూ లేదు, గుంట భూమీ లేదు. కిరాణా కొట్టు షావుకారు ముప్పయ్యో రోజున ఖాతా ఆపేశాడు. సమ్మెలో ఇద్దరూ ఒకటే, సమ్మె బరువు మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. యూనియన్ నాయకత్వం ఆ తేడాను లెక్కలోకి తీసుకుందా, వంటింట్లో గింజ లేనివాళ్ల జాబితా ఎవరైనా రాశారా అన్నది కథ అడగాల్సిన ప్రశ్న.

అంతమాత్రాన అతనికి మాఫీ ఉందా? లేదు. మూడో ప్రశ్న ఉంది కదా. అతను తీసుకున్న టోపీ దీపం ఖరీదు ముప్పైతొమ్మిది రోజులు పస్తున్నవాళ్లందరూ కడతారు, అతనికన్నా ఎక్కువ ఆకలితో ఉండి కూడా పోనివాళ్లు కడతారు. అతను ద్రోహం చేశాడు. ఆ ద్రోహంలో ఖాతా ఆపేసిన షావుకారుకూ, జాబితా రాయకపోతే ఆ నాయకత్వానికీ వాటా ఉంది. ఇంత చెప్పిన కథ రేపటి సమ్మెకు పనికొస్తుంది. ద్రోహి అని ఒక్క మాట అని వదిలేసిన కథ నినాదానికి తప్ప దేనికీ పనికిరాదు.

ఇంకొకటి, ఇవాళ్టిది. సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని హైకోర్టు 2017లో కొట్టేసింది. ఉద్యోగం ఆస్తిలాగా తండ్రి నుంచి కొడుక్కి రావడం సమాన అవకాశాల హక్కుకు విరుద్ధమని దాని సారాంశం. తర్వాత వైద్య కారణాల మీద కారుణ్య నియామకాలు వచ్చాయి. సర్వీసు ఇంకా మిగిలుండగానే తండ్రి మెడికల్ బోర్డు ముందు అన్‌ఫిట్ అయితే ఇంట్లో ఒకరికి అవకాశం. ఇంతకన్నా కథ నిండిన చోటు ఇంకేముంటుంది? ముప్పై ఏళ్లు దుమ్ము మింగిన తండ్రి. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పెద్దకొడుకు. అల్లుడికి ఇప్పిస్తే కూతురు కాపురం నిలబడుతుందనే తల్లి. మోకాళ్ల నొప్పి నిజం, ఆయాసం నిజం, కానీ బోర్డు ముందు రెండు మెట్లు ఎక్కువ ఆయాసపడ్డాడు. అతను మోసగాడా?

మెతక మనసు పాఠకుడు “కాదు, తండ్రి” అంటాడు. గట్టి మనసు పాఠకుడు “అవును, దొంగ రోగి” అంటాడు. రెండు జవాబులూ ఆ ఇంటి గోడల మధ్యే ఆగిపోయాయి. ఆ ఉద్యోగం ఖరీదు కట్టేవాళ్లలో కథలోకి రానివాడు ఒకడున్నాడు. తండ్రి సింగరేణిలో పనిచేయని, పొలం ఓపెన్‌కాస్టు కింద పోయిన ఊరి కుర్రాడు. కోచింగు సెంటరులో కూర్చుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూసేవాడు. వాణ్ణి కూడా కథలోకి పిలిచి కూర్చోబెడితే అప్పుడు ఆ తండ్రి మీద తీర్పు చెప్పడం కష్టమవుతుంది. కష్టమైన చోటనే చెప్పాలి. నన్నడిగితే ఆ తండ్రి చేసింది తప్పు. ఆ తప్పు చేయని తండ్రి ఈ కాలనీల్లో ఎంతమంది ఉండగలరో లెక్కపెట్టుకుని మరీ చెప్తున్నాను. తండ్రి ఒంట్లోని రోగాన్ని కొడుకు ఉద్యోగానికి అర్హతగా మార్చిన ఏర్పాటును అతని పక్కనే నిలబెట్టి చెప్తున్నాను.

ఇప్పుడు రెండు మనవులు. మొదటిది పాఠకులకు. కథల చర్చల్లో “పాత్ర చిత్రణ బాగుంది” అన్న మాట కొన్నాళ్లు మానేద్దాం. ఈ మనిషి చేసింది ఒప్పా తప్పా అని సూటిగా అడుగుదాం, ఒప్పంటే ఎందుకో, తప్పంటే ఎవరికి నష్టమో చెప్పుకుందాం. చెప్పిన తీర్పును పదేళ్ల తర్వాత అదే కథ చదివి మళ్లీ పరీక్షించుకుందాం. ఇరవై ఏళ్లప్పుడు అప్పల్రాముడు పిరికివాడిలా కనిపిస్తాడు, ఇంటి బాధ్యత నెత్తిన పడ్డాక అలా కనిపించడు. మారింది కథ కాదని అందరికీ తెలుసు.

రెండోది ఇక్కడి యువ రచయితలకు. పర్మనెంటు కార్మికుడి కథ కొంత వచ్చింది. ఓపెన్‌కాస్టులో మట్టి తోలే కాంట్రాక్టు డ్రైవరు కథ రావాలి. జీతం పడే ఏటీఎం కార్డు వడ్డీవాడి దగ్గర కుదువపెట్టిన ఇంటి ఇల్లాలి కథ రావాలి. పనిమనిషిగా క్వార్టరు క్వార్టరుకూ తిరిగే గని కార్మికుడి వితంతువు కథ రావాలి. వాళ్లను దేవతల్ని చేయకండి. వాళ్లు తప్పులు చేస్తారు, అబద్ధాలు ఆడతారు, ఒకరికొకరు అన్యాయం చేసుకుంటారు. ఆ తప్పుల్ని దాచకుండా రాస్తేనే వాళ్లను మనుషులుగా గౌరవించినట్టు.

2003లో పోయిన ఆ 27 మంది ఎలాంటివాళ్లో మనకు కథగా రాసిపెట్టినవాళ్లు నాకు తెలిసి లేరు. మంచివాళ్లూ ఉండుంటారు, అప్పులు ఎగ్గొట్టినవాళ్లూ ఉండుంటారు. వాళ్ల ఇళ్లవాళ్లు, వాళ్లతో కలిసి షిఫ్టు చేసినవాళ్లు ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నారు. వాళ్లను అడిగి, ఉన్నదున్నట్టు రాయండి. తీర్పు ఏదైనా వాంగ్మూలం రాసుకున్న తర్వాతే చెప్పాలి.